వనముఖి యాప్‌లో బావురుపిల్లి

మా మడ అడవిలో బావురుపిల్లి ఉందన్న సంగతి అందరికంటే ముందు బావురుపిల్లికి తెలుసు. ఆ తరువాత పడవ నడిపే పోలయ్యకి తెలుసు. ఆ తరువాత డాక్టర్ హైమవతి గారికి తెలుసు. ప్రభుత్వానికి తెలియజేసే పని మాత్రం నాది. ఈ నలుగురిలో ఎక్కువ కష్టం నాదేనని నా ఇరవయ్యేడేళ్ళ సర్వీసు మీద ఒట్టేసి చెప్పగలను.

నా పేరు అవతారం. సీనియర్ అసిస్టెంటుని. గోదావరి సముద్రంలో కలిసే చోట, కొత్తపాయ అనే ఊరి చివర, రెండు గదుల రేకుల షెడ్డుకి ‘మడ అడవుల వన్యప్రాణి పరిశోధన కేంద్రం’ అని బోర్డు తగిలించారు. అందులో శాస్త్రవేత్తగా హైమవతి గారిని వేశారు. ఆవిడ రాసిన దాన్ని ప్రభుత్వానికి అర్థమయ్యే భాషలోకి మార్చడానికి నన్ను డెప్యుటేషన్ మీద వేశారు. ఆవిడ ‘పిల్లి కనబడింది’ అని రాస్తే నేను ‘సదరు జంతువు దృగ్గోచరమైనట్లు భావించడమైనది’ అని మారుస్తాను. ఆవిడ నవ్వుతారు గానీ, మొదటి వాక్యానికి ఇంతవరకూ ఏ ఆఫీసూ జవాబివ్వలేదు. రెండోదానికి మూడు రిమైండర్లు వచ్చాయి.

బావురుపిల్లి ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, దాని మీద నల్లని చుక్కలు. పిల్లి పుట్టుక పుట్టి కూడా నీళ్ళంటే జంకు లేదు దానికి. పాయలోకి దూకి చేపని పట్టుకుని ఒడ్డుకొచ్చి తింటుంది. పగలంతా మడచెట్ల వేళ్ళ సందుల్లో ఎక్కడో పడి నిద్రపోతుంది. మనిషి అలికిడి వింటే మాయం.

అలాంటిదాని కోసం హైమవతి గారు ఆరేళ్ళుగా బురదలో నడుస్తున్నారు. పాయల వెంబడి చెట్లకి మోకాలెత్తున ఇరవైరెండు కెమెరాలు కట్టారు. ఎదుట ఏ వెచ్చని ప్రాణి కదిలినా అవి వాటంతటవే ఫోటో తీస్తాయి. అన్నీ దారికి పక్కవాటుగా కట్టినవే. ఎందుకంటే మనకి వేలిముద్రలెలాగో దానికి డొక్క మీద చుక్కలు అలాగట. ఏ రెంటికీ ఒకేలా ఉండవట. ఆరేళ్ళలో మూడు వేల ఫోటోలు పోగయ్యాయి. డొక్కలున్నాయి, తోకలున్నాయి, నీళ్ళలోకి వంచిన వీపులున్నాయి. ముఖం ఒక్కటీ లేదు. ఆవిడ కూడా ఆ జంతువుని కంటితో అప్పటివరకూ చూడలేదు. దాని పెంటికలు ఏరి, జల్లెడలో కడిగి, అందులో దొరికిన చేపపొలుసులు చూసుకుని “నిన్న మావాళ్ళకి భోజనం బాగానే కుదిరిందండీ” అని మురిసిపోయేవారు. పెళ్ళయి మామగారింట్లో కాపురం ఉన్న నాకు, కనబడని వాళ్ళ భోజనం గురించి అంత సంతోషం ఎలా వస్తుందో అర్థమయ్యేది కాదు.

ఫిబ్రవరిలో సర్క్యులర్ వచ్చింది.

‘ప్రభుత్వ పథకముల ద్వారా లబ్ధి పొందుచున్న సమస్త లబ్ధిదారులు మార్చి నెలాఖరులోగా ముఖ ధ్రువీకరణ పూర్తి చేసుకొనవలెను. వన్యప్రాణి సంరక్షణయు ఒక పథకమే గనుక వన్యప్రాణులు సదరు పథకపు లబ్ధిదారులే అగుదురు. వారి నిమిత్తం వనముఖి అను యాప్ రూపొందించడమైనది. గడువులోగా ముఖము చూపని లబ్ధిదారులను బోగస్ లబ్ధిదారులుగా పరిగణించి మంజూరు రద్దు చేయబడును.’

నాకు సర్క్యులర్ నచ్చింది. ఎక్కడా పట్టు దొరకదు. పథకం ఉంది, లబ్ధి ఉంది, లబ్ధి పొందేవాడున్నాడు. మిగిలింది ముఖమే.

హైమవతి గారు దాన్ని రెండుసార్లు చదివి, “మంజూరు అంటే ఏంటండీ అవతారం గారూ? పిల్లికి వీళ్ళు మంజూరు చేసిందేముంది?” అన్నారు.

“మూడు వందల నలభై ఎకరాల మడ, మేడమ్.”

ఆ మడ అవతలి గట్టు మీద రెండు పొక్లెయిన్లు సంక్రాంతి ముందు నుంచే వచ్చి కూర్చున్నాయి. మంజూరు ఎప్పుడు రద్దవుతుందా, రొయ్యల చెరువులు ఎప్పుడు తవ్వుదామా అని వాటి యజమానులు రోజూ మా షెడ్డు ముందు నుంచే మోటారు సైకిళ్ళ మీద తిరుగుతున్నారు. చుట్టుపక్కల మిగిలిన మడంతా అప్పటికే చెరువులైపోయింది. ఈ ముక్క పోతే అటు సముద్రం, ఇటు చెరువులు. పిల్లులకి వెళ్ళడానికి చోటు లేదు.

మర్నాడే ఇద్దరం జిల్లా కేంద్రానికి వెళ్ళి జాయింట్ డైరెక్టరు మేడిశెట్టి విశ్వంభర రావు గారిని కలిశాం. నిండైన మనిషి. గుబురు మీసం, దానికి తగ్గ పొట్ట. వనముఖి యాప్‌ని పరీక్షించి ‘లోపరహితము’ అని సంతకం చేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

“డాక్టరమ్మా, మీ పిల్లి ఉనికిని ప్రభుత్వం శంకించడం లేదు. ధ్రువీకరించుకోమంటోంది. ఈ రెంటికీ తేడా ఉంది,” అన్నారాయన.

“ఏంటండీ తేడా?”

“శంకిస్తే కమిటీ వేస్తాం. ధ్రువీకరణకైతే యాప్ ఉంది.”

హైమవతి గారు ఫోటోల ఆల్బమ్ తీసి బల్ల మీద పెట్టారు. “ముఖం లేదండీ. కానీ చుక్కలతో ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టాం. ఎడమ డొక్కలు పదకొండు, కుడి డొక్కలు తొమ్మిది. ఒకే పిల్లి రెండు వైపులా పడితే తప్ప ఏ ఎడమకి ఏ కుడో చెప్పలేం. అంచేత కనీసం పదకొండున్నాయని మాత్రం రాశాను.”

ఆయన కాగితం మీద వేసి చూసుకున్నారు. “పదకొండు ఎడమలు, తొమ్మిది కుడులు, వెరసి ఇరవై. పిల్లికి రెండు పక్కలు. ఇరవైని రెండుతో భాగిస్తే పది. మీరేమో పదకొండు అంటారు. ఆడిట్‌లో నిలబడదమ్మా. ఒక ఎడమని కుడిగా సర్దుబాటు చేయండి.”

“అలా చేయకూడదండీ.”

“అవతారం చేస్తాడులెండి,” అన్నారాయన. నేను తలూపాను. అప్పటికే మనసులో చేసేశాను కూడా.

“సరే, ముఖానికి వద్దాం. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు లోపు యాప్ ముందు నిలబెట్టండి. రెండు చెవులూ కనబడాలి.”

“అది రాత్రిపూట తిరిగే జంతువండీ.”

“ఎప్పటినుంచి?”

“కొన్ని లక్షల ఏళ్ళ నుంచి,” అన్నారు హైమవతి గారు.

“అయితే అలవాటు మార్చుకోడానికి కావలసినంత గడువు దొరికినట్టే. లబ్ధిదారులకి అవగాహన లేకపోవడం మన వైఫల్యం. వెంటనే అవగాహన సదస్సు పెట్టండి.”

తిరుగు బస్సులో ఆవిడ ఆల్బమ్‌ని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. “నాకు భయంగా ఉందండీ. ఆరేళ్ళూ వాటికి అడ్డు రాకుండా పని చేశాను. నేను వాటిని చూడలేదు, అవి నన్ను చూసే ఉంటాయి. ఇప్పుడు నా చేతకానితనం వల్ల వాటి ఇల్లు పోతే ఎలా?” అన్నారు. నేను శనక్కాయలు కొనిచ్చాను.

సదస్సు మార్చి పన్నెండున జరిగింది. మడ మధ్యలో రెండు చెట్లకి ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించాం. పైన ‘బావురుపిల్లి సోదర సోదరీమణులకు స్వాగతం’, కింద ఆఫీసు వేళలు, పక్కన జాయింట్ డైరెక్టరు గారు చేతులు జోడించిన ఫోటో. పడవలో మైకు పెట్టి పాయ వెంబడి మూడుసార్లు తిరుగుతూ సర్క్యులర్ చదివాను. హాజరు పట్టికలో నేను, హైమవతి గారు, పోలయ్య సంతకాలు పెట్టాం. లబ్ధిదారుల గడిలో ‘గైర్హాజరు’ అని రాశాను.

సంగాడి పోలయ్య యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ పాయల్లో పీతలు పట్టి బతికిన కుటుంబం. ఆ మడ లేకపోతే అతనికి పీతా లేదు, తుఫానుకి అడ్డూ లేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఉపన్యాసమంతా విని, “ఆయ్, బానే సెప్పారండి. కాపోతే అది ఇంటే ఈపాటికి రెండు మైళ్ళు పరిగెట్టుంటాదండి,” అన్నాడు.

కానీ వారం తిరక్కుండా స్పందన వచ్చింది. ఫ్లెక్సీ పక్కనున్న కెమెరాలో పిల్లి పడింది. వెనక్కి తిరిగి, తోక పైకెత్తి, జాయింట్ డైరెక్టరు గారి ఫోటోకి సరిగ్గా గురిపెట్టి పోసింది. హైమవతి గారు ఆ ఫోటో చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అది హద్దు గుర్తు పెట్టుకోవడమట. ఆరేళ్ళలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ పడలేదట.

నేను పైకి రిపోర్టు పంపాను. ‘లబ్ధిదారు సభాస్థలికి స్వయముగా విచ్చేసి, గౌరవ జాయింట్ డైరెక్టరు వారి చిత్రపటము వద్ద తన అభిప్రాయమును తడియారక మునుపే నమోదు చేసుకొనెను.’ పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. మిగిలిన జిల్లాల్లో కూడా ఇలాంటి సదస్సులు యుద్ధప్రాతిపదికన నిర్వహించాలని ఆదేశించారు.

గడువు మూడు రోజులుందనగా జాయింట్ డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. పోలయ్య పడవలో దింపితే, తెల్ల చొక్కాతో మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డారు. ప్రభుత్వం పంపిన ట్యాబ్‌ని ఓ చెట్టు మొదట్లో అడుగెత్తున కట్టి ఉంచాం. యాప్ అంతకుముందు రోజు నుంచే తెరిచి ఉంది. ‘మీ ముఖమును వలయములో ఉంచండి’ అని ఓ ఆడగొంతు నిమిషానికోసారి మడకి చెబుతోంది.

“ఇదేం పెట్టడమమ్మా. స్క్రీను ఆకాశం వైపు తిరిగుంది. పిల్లికెలా కనబడుతుంది? మనం లబ్ధిదారు స్థానంలో ఉండి ఆలోచించాలి,” అని ఆయన నాలుగు కాళ్ళ మీద వంగారు. వంగడంలో చేయి జారింది. లేచేసరికి ముఖం నిండా బురద, మీసాలు అటూ ఇటూ నిక్కి ఉన్నాయి, చెవులు మాత్రం రెండూ శుభ్రంగా కనబడుతున్నాయి. అలాగే ముందుకి పాకి స్క్రీనులోకి తొంగి చూశారు.

ట్యాబ్ టింగుమంది.

“ధన్యవాదములు. లబ్ధిదారు ముఖము ధ్రువీకరించబడినది. జాతి: బావురుపిల్లి. లింగము: ఆడ. వయస్సు: నాలుగు సంవత్సరములు. పోలిక: తొంభై తొమ్మిది శాతము. ప్రత్యేక వివరము: నిండు గర్భిణి.”

పోలయ్య పడవలో అటు తిరిగి కూర్చుని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఆయన అక్కడే బురదలో కూర్చుని హెల్ప్‌లైనుకి ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు. “ఒక పిల్లి వివరాలు తొలగించాలమ్మా,” అన్నారు.

“తొలగించుటకు మరణ ధ్రువీకరణ పత్రము అప్‌లోడ్ చేయవలెను సార్. లబ్ధిదారు మరణించినారా?”

“ఇంకా లేదు.”

“పొరపాటున ధ్రువీకరించబడినదని ఫిర్యాదు చేస్తారా సార్? అయితే యాప్ పరీక్షా కమిటీ అధ్యక్షుల వారి అనుమతి కావలెను.”

ఆయన ఫోన్ పెట్టేశారు. కాసేపు మీసం మీద బురద తుడుచుకుని, “మన నలుగురి మధ్యే ఉండనివ్వండి,” అన్నారు. “వచ్చిన ధ్రువీకరణని ఎవరూ వద్దనక్కర్లేదు కదా. మడ నిలిచింది. అదే కదా మీక్కావలసింది.”

హైమవతి గారు నా వైపు చూశారు. ఒప్పుకోవడం అబద్ధం, కాదంటే పొక్లెయిన్లు. “సిగ్గుగా ఉందండీ,” అన్నారు ఆవిడ.

ఏప్రిల్లో రెండో సర్క్యులర్ వచ్చింది. ఒక్కసారి ముఖం చూపితే చాలదు. ప్రతి నెలాఖరునా అదే ముఖాన్ని అదే స్థలంలో, అదే చెట్టు దగ్గర చూపించాలి. వరుసగా తొమ్మిది నెలలు అలా చూపితే ఆ భూమి ఇక ఎవరూ ముట్టుకోకుండా శాశ్వత గెజిట్‌లో పడుతుంది. ఒక్క నెల తప్పినా రద్దు. సాక్షిగా శాస్త్రవేత్త సంతకమో, వారి తరఫున కార్యాలయం సంతకమో ఉండాలి.

“నేను పెట్టనండీ,” అన్నారు హైమవతి గారు. “చూడనిదాన్ని చూశానని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.” తరఫున నేనే పెట్టాను. నా సంతకానికి అలాంటి పట్టింపులేమీ లేవు.

మిగతా వ్యవహారమంతా నియమం ప్రకారం నడిచింది. ఉద్యోగుల ముఖ హాజరు, వనముఖి ఒకే సర్వరు మీద ఉన్నాయి. ఏప్రిల్ ఒకటో తారీఖున జాయింట్ డైరెక్టరు గారు ఆఫీసు గుమ్మంలో హాజరు వేసుకోబోతే ‘వన్యప్రాణులకు హాజరు వర్తించదు’ అని వచ్చింది. మేలో ఆయనకి డైరెక్టరుగా ప్రమోషన్ మీద రాజధానికి బదిలీ అయింది. ఆర్డరు కంప్యూటర్లో ఎక్కించగానే ‘రక్షిత జంతువును ఆవాసము నుండి తరలించుట నేరము’ అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆయన నన్ను పిలిచి ఏదైనా దారి చూడమన్నారు. నేను ఫైలంతా చదివి, ఆవాసంలో ఆహారం కొరవడితే తరలించే వీలుందని నోటు పెట్టాను. పైనుంచి వెంటనే జవాబొచ్చింది, తరలింపు అక్కర్లేదు, ఆహారమే పంపుతున్నామని. ఆ వారం నుంచి ప్రతి సోమవారం ఆయన టేబుల్ మీదకి ఐదు కేజీల పచ్చి చేపలు రావడం మొదలైంది. ఆయన శాకాహారి.

జూన్లో కొరియర్లో మెడకి కట్టే రేడియో పట్టీ వచ్చింది. ధ్రువీకృత లబ్ధిదారులందరికీ ఏడు రోజుల్లో కట్టి, కట్టినట్టు ధ్రువీకరించాలి. పోలయ్యే కట్టాడు. “బిగిస్తే సెప్పండి సారూ,” అని రెండు వేళ్ళు దూర్చి మరీ చూశాడు. ఆయన ఆనాటి నుంచి ఎంత ఉక్కపోతలో కూడా చొక్కా పై బొత్తాం పెట్టుకుని తిరిగారు.

పట్టీ పంపే సమాచారాన్ని రాజధానిలో ఓ విభాగం విశ్లేషించి ఆగస్టులో నివేదిక వేసింది. బావురుపిల్లులు పగటి జీవితానికి అలవాటు పడ్డాయి, అవగాహన సదస్సులే దీనికి కారణం అని రాశారు. రోజూ ఎనిమిదింటికి బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో ఇరవై నిమిషాలు గడుపుతున్నాయి కాబట్టి చేపల నుంచి పెసరట్టుకి మళ్ళుతున్నాయన్నారు. నెలలో రెండు ఆదివారాలు నలభై మైళ్ళ దూరంలో ఒకే ఇంటికి వెళ్ళి సాయంత్రానికల్లా విసురుగా తిరిగొస్తున్నాయి, కారణం పరిశోధించవలసి ఉందన్నారు. అది ఆయన అత్తవారిల్లు. నివేదిక మీద సహరచయితగా సంతకం చేయమని హైమవతి గారికి పంపితే ఆవిడ మడిచి నా టేబుల్ మీద పెట్టేశారు. నేను తరఫున పెట్టాను.

ప్రసవం వివరాలు తెలపమని కూడా మెమో వచ్చింది. “ఎన్ని రాయమంటారమ్మా?” అని ఆయన నీరసంగా అడిగారు. “మామూలుగా రెండండీ,” అన్నారు హైమవతి గారు. రెండు రాశారు. మధ్యలో పశువుల డాక్టరు వచ్చి ఆయన్ని పరీక్షించి, బాలింతకి రక్తపోటు ఎక్కువగా ఉందని రాసి వెళ్ళాడు.

ఇవన్నీ జరుగుతుండగా ఆయన నెలనెలా వచ్చి చెట్టు ముందు నాలుగు కాళ్ళ మీద వంగి ముఖం చూపిస్తూనే ఉన్నారు. మొదట్లో వస్తూ పోతూ మమ్మల్నీ, మడనీ, దోమల్నీ తిట్టేవారు. అక్టోబరు నాటికి తిట్లు తగ్గాయి. ఆటుకి పాయలో నీళ్ళు తీసి పడవ ఆగినప్పుడు ఒకసారి, “డాక్టరమ్మా, ఏమీ అనుకోకండి. నిజంగా అది ఉందా?” అని అడిగారు.

హైమవతి గారు ఆయన్ని చేయి పట్టుకుని దింపి ఒడ్డున బురదలో ఓ అడుగుజాడ చూపించారు. ఆయన చాలాసేపు దాని పక్కన కూర్చున్నారు. వేలితో ముట్టబోయి, చెరిగిపోతుందని వెనక్కి తీసుకున్నారు. “దీని పేరు మీద నేను తింటున్న తిట్లు దీనికి తెలియవు కదా,” అన్నారు. ఆరోజు నుంచి ఆయన బూట్లు పడవలోనే వదిలి దిగేవారు.

పొక్లెయిన్ల వాళ్ళు మాత్రం వెళ్ళలేదు. తొమ్మిదిలో ఒక్క నెల తప్పకపోతుందా అని గట్టు మీదే ఉన్నారు.

తొమ్మిదో ధ్రువీకరణ డిసెంబరు ముప్పై ఒకటిన. పొద్దుటి నుంచి సముద్రం మీద వాయుగుండం. ఈదురుగాలి, ముసురు, మధ్యాహ్నానికే మసక. ఆయన కారు దారిలో బురదలో కూరుకుని, మేం పడవ ఎక్కేసరికి నాలుగు దాటింది. యాప్ ఐదింటికి మూసేస్తుంది. చెట్టు దగ్గరికి చేరేసరికి నాలుగూ ముప్పై ఐదు. అవతలి గట్టు మీద పొక్లెయిన్ల వాళ్ళు గొడుగులేసుకుని నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

ఆయన అలవాటు ప్రకారం ముఖానికి ఇంత బురద రాసుకుని నాలుగు కాళ్ళ మీద వంగారు. వలయం తిరిగింది, ఆగింది. “వెలుతురు చాలదు. మళ్ళీ ప్రయత్నించండి.” పోలయ్య టార్చి పట్టుకున్నాడు. మళ్ళీ తిరిగింది, ఆగింది. సిగ్నల్ లేదు. నాలుగూ నలభై ఎనిమిదికి సిగ్నల్ వచ్చింది. వలయం పచ్చబడబోయి, ఎర్రబడింది.

“ఫ్రేములో ఒకటి కంటే ఎక్కువ ముఖములు ఉన్నవి. అపరిచిత జంతువును తొలగించి మళ్ళీ ప్రయత్నించండి.”

అందరం స్క్రీను వైపు చూశాం. జాయింట్ డైరెక్టరు గారి భుజం వెనక, పది అడుగుల దూరంలో, మడవేళ్ళ మధ్య ఓ ముఖం ఉంది. పొట్టి చెవులు రెండూ, చప్పిడి ముక్కు, నుదుటి నుంచి వెనక్కి పోయిన నల్లని చారలు. ముసురుకి పగలో రాత్రో తెలియక బయటికొచ్చినట్టుంది. నోట్లో చేప ఇంకా కొట్టుకుంటోంది. కాళ్ళ దగ్గర రెండు చిన్న ముఖాలు చేప కేసి చూస్తున్నాయి.

ఎవరం కదల్లేదు. హైమవతి గారు స్క్రీను వదిలి మెల్లగా తల తిప్పి నేరుగా చూశారు. ఆరేళ్ళకి మొదటిసారి. అదీ ఆవిడనే చూసింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుంటే కదిలినట్టవుతుందని తుడుచుకోలేదు. ఫోన్ చేతిలోనే ఉంది. ఎత్తలేదు.

నాలుగూ యాభై ఒకటి.

“అపరిచిత జంతువును తొలగించండి,” అంది యాప్.

పోలయ్య గుసగుసగా, “తనంతట అదే పోద్దండి, కూసేపాగండి,” అన్నాడు. కానీ అది పోలేదు. పిల్లలకి చేప పంచే పనిలో పడింది. ఆ కూర్చోవడం చూస్తే తీరిగ్గా భోజనం ముగించుకునే వెళ్ళేలా ఉంది. బురదలో వంగి ఉన్న జాయింట్ డైరెక్టరు గారు తల తిప్పకుండానే, “నేను వెనక్కి తిరిగి చూడొచ్చా డాక్టరమ్మా?” అని అడిగారు. హైమవతి గారు దాని మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన చూడలేదు.

నాలుగూ యాభై ఐదు. అవతలి గట్టు మీద ఎవడో ఇంజను స్టార్టు చేశాడు.

హైమవతి గారు లేచి నిలబడ్డారు. రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టారు. “పో అమ్మా,” అన్నారు. అది చేప వదిలేసి ఒక్క క్షణం ఆవిడని చూసింది. ఆవిడ వంగి గుప్పెడు బురద తీసి దాని వైపు విసిరారు. “పొమ్మంటున్నానా, పిల్లల్ని తీసుకుని పో.” మూడు ముఖాలూ ఒక్కసారిగా లేకుండా పోయాయి. చేప మాత్రం అక్కడ ఎగిరెగిరి పడింది.

నాలుగూ యాభై ఎనిమిదికి ట్యాబ్ టింగుమంది. లబ్ధిదారు ధ్రువీకరించబడినది. మూడు వందల నలభై ఎకరాలు శాశ్వతం. అవతలి గట్టు మీద ఇంజను ఆగింది. పోలయ్య తెడ్డు పైకెత్తి ఏదో అరిచాడు. జాయింట్ డైరెక్టరు గారు లేచి, మెడ చుట్టూ పట్టీ సర్దుకుని, వేళ్ళ మధ్య ఆ ఖాళీ చోటు కేసి చూస్తూ నిలబడ్డారు. హైమవతి గారు ట్యాబ్‌లో వెతుకుతున్నారు. విఫలమైన ప్రయత్నాల ఫోటోలు యాప్ దాచదట.

చివరి ఫారం పూర్తి చేయాల్సి ఉంది. పడవలో గొడుగు కింద కూర్చుని నింపాను. శాశ్వత ధ్రువీకరణ కాబట్టి ఈసారి కార్యాలయం తరఫున చెల్లదు, శాస్త్రవేత్తే సంతకం చేయాలి. ఆఖరి గడి దగ్గర నా కలం ఆగింది. ‘ధ్రువీకరణ సమయమున ఇతర బావురుపిల్లులు ఏవేని కనిపించినవా? కనిపించిన యెడల అసలు లబ్ధిదారు ఎవరో నిర్ధారణ అగువరకు మంజూరు నిలుపుదల చేయబడును.’

నేను తలెత్తి ఆవిడని చూశాను. అబద్ధం రాయడం నాకు చేతకాక కాదు. ఆ ఒక్క గడి మాత్రం రాయబుద్ధి కాలేదు.

ఆవిడ నా చేతిలోంచి ఫారం తీసుకుని, తడి చేతిని చీర కొంగుకి తుడుచుకుని, ‘కనిపించలేదు’ అని గుండ్రంగా రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేశారు.